జాగ్రత్త: "సంవత్సరాంతం మార్చడం ఒక్క క్లిక్ పని" అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు

చిన్న వ్యాపారాల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఆర్థిక సంవత్సరం ముగిసే నెలను మార్చే ఆప్షన్ చూపించి "ఒక్క క్లిక్ పని" అంటారు. క్లిక్ ఒక్కటే, నిజమే. అది పాత సంవత్సరాల లెక్కలను కూడా కదిలిస్తుందా అన్నది మాత్రం అడిగితే తప్ప చెప్పరు. డబ్బు కట్టేముందు తేల్చుకోవాల్సింది అదే.

కొన్ని ప్యాకేజీల్లో సంవత్సరాంతం అంటే కంపెనీ మొత్తానికి ఒకే సెట్టింగ్. ఏ సంవత్సరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో విడిగా గుర్తు పెట్టుకోవు. జూన్ 30ని డిసెంబర్ 31గా మార్చగానే, సంతకాలు పడిపోయిన పాత సంవత్సరాలను కూడా జనవరి–డిసెంబర్‌గానే లెక్కగడతాయి. ఉదాహరణకు 2024 జూన్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో రిటైన్డ్ ఎర్నింగ్స్ (గత సంవత్సరాల నుంచి మిగిలి వస్తున్న లాభం) 5,00,000, ఆ ఏడాది లాభం 3,00,000 ఉన్నాయనుకోండి. ఆ లాభంలో 2,10,000 మొదటి ఆర్నెల్లలో, అంటే జూలై–డిసెంబర్‌లో వచ్చిందే. సెట్టింగ్ మార్చాక అదే తేదీకి అదే రిపోర్ట్ తీస్తే ఆ 2,10,000 గత ఏడాది లాభంగా మారిపోయి, 7,10,000, 90,000 అని కనిపిస్తాయి. మొత్తం 8,00,000 మారలేదు కాబట్టి రెండు వైపులా సరిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఆడిటర్ పాత కాపీ పక్కన పెట్టి చూసేదాకా ఎవరి కంటా పడదు.

సంవత్సరాంతంలో నిజంగానే క్లోజింగ్ ఎంట్రీ (ఆదాయ, ఖర్చుల ఖాతాలను సున్నా చేసి లాభాన్ని ముందుకు తీసుకెళ్లే ఎంట్రీ) వేసే సాఫ్ట్‌వేర్లది ఇంకో తలనొప్పి. ఏడాది అమ్మకాలు 10,00,000 అయితే, వాటిని సున్నా చేసే డెబిట్ జూన్ 30 తేదీతో పడి ఉంటుంది. ఇప్పుడు ఆ తేదీ కొత్త సంవత్సరం మధ్యలోకి వచ్చింది. జనవరి–జూన్ అమ్మకాలు 4,00,000 అయితే, ఎంట్రీని వడగట్టని రిపోర్ట్ మైనస్ 6,00,000 చూపిస్తుంది. క్లోజింగ్ ఎంట్రీలను రిపోర్టుల నుంచి తప్పించే వీలుందా అని అడగండి.

మార్పు జరిగిన ఏడాది ఎలాగూ 12 నెలలు ఉండదు. జూన్ నుంచి డిసెంబర్‌కు జరిగితే 6 నెలల పొట్టి కాలం, లేదంటే 18 నెలల పొడుగు కాలం. 12 పీరియడ్లకే (నెలవారీ లెక్కల భాగాలకే) కట్టుబడిన ప్యాకేజీ 18 నెలలను ఒక్క సంవత్సరంగా పట్టలేదు. 12, 6గా విడగొట్టి బయట షీట్‌లో కలుపుకోవాల్సిందే. 13వ పీరియడ్ ఉందని మురిసిపోకండి, అది సవరణ ఎంట్రీల కోసం పెట్టింది. తరుగుదల కూడా చూసుకోండి. 60,000 ఖరీదు చేసే ఆస్తిపై ఏడాదికి 20 శాతం సమాన వాయిదాల్లో వేస్తే 12,000, ఆర్నెల్లకు 6,000 పడాలి. సంవత్సరాంతంలో ఒకేసారి తరుగుదల వేసే సాఫ్ట్‌వేర్ మొత్తం 12,000 వేసేసే ప్రమాదం ఉంది. బడ్జెట్లు, ఏడాది మారగానే మళ్లీ 1 నుంచి మొదలయ్యే ఇన్వాయిస్ నంబర్లు కూడా ఇలాగే దెబ్బతింటాయి.

ఖాళీ కంపెనీలో చూపించే డెమోలో ఇవేవీ బయటపడవు. ట్రయల్ గడువులోనే కనీసం రెండేళ్ల ఎంట్రీలున్న ఫైల్ ఎక్కించండి. మార్చేముందు పాత సంవత్సరాంతాల నాటి ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక), లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్ దించుకుని, మార్చాక అవే తేదీలకు మళ్లీ తీసి వరుస వరుసా పోల్చండి. మొత్తాలు కలిస్తే సరిపోదు, రిటైన్డ్ ఎర్నింగ్స్ వరుస విడిగా కలవాలి. తర్వాత సెట్టింగ్‌ను వెనక్కి తిప్పి చూడండి. పాత కాలానికి లాక్ డేట్ పెట్టాం కదా అనే ధీమా వద్దు: లాక్ కొత్త ఎంట్రీలను ఆపుతుంది, రిపోర్ట్ లెక్కగట్టే పద్ధతిని కాదు.

బ్యాకప్ విషయంలో "రోజూ తీస్తాం" అన్న మాటతో ఆగొద్దు. క్లౌడ్ సాఫ్ట్‌వేర్లో ఆ బ్యాకప్ వాళ్ల సర్వర్ల కోసమే కావచ్చు, మీ ఒక్క కంపెనీని నిన్నటి స్థితికి తెచ్చే బటన్ మీకు ఉండకపోవచ్చు. పరీక్షించుకోవడానికి మీ కంపెనీ ఫైల్‌కు నకలు (కాపీ కంపెనీ) తెరిచే వీలుందా, దానికి అదనపు చందా కట్టాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఇక అసలు ఫైల్‌లో మార్పు అంటారా, కంపెనీ రిజిస్ట్రీ, పన్ను శాఖల అనుమతి అవసరమైన చోట అది చేతికొచ్చాకే.