స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లు ఆ భాయ్ దగ్గర స్కోపు కొనకండి

పేరు చెప్పక్కర్లేదు. ఎయిర్ రైఫిల్ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ భాయ్ తెలుసు. ఆదివారం పొద్దున్నే "కొత్త స్టాక్ దిగింది" అని ఫొటోలు పెట్టి, కింద వరసగా మంట బొమ్మలు పెడతాడే, ఆయనే. నిన్న సాయంత్రం ఆయన షాపులో నాకు జరిగిన మర్యాద ఇంకా చెవుల్లో మోగుతోంది. కోపం తగ్గాక రాద్దామంటే తగ్గేలా లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

ముందు సంగతి గబగబా చెప్పేస్తా. నాది పాయింట్ 177 అంగుళాల పెల్లెట్లు, అంటే చిన్న సీసం గుళ్లు వేసే దేశీ రైఫిల్, స్ప్రింగ్‌ది, బ్యారెల్ విరిచి లోడ్ చేసే రకం. ఇన్నాళ్లూ ఓపెన్ సైట్లతోనే, అంటే అద్దాల్లేని గురి గుర్తులతోనే కాగితం టార్గెట్లు కొట్టుకుంటున్నా. నలభై దాటాక ముందు సైటు, వెనక సైటు, టార్గెట్ మూడూ ఒకేసారి కంటికి ఆనడం లేదు. సరే, ఐదు వేల లోపల ఒక స్కోపు, అంటే రైఫిల్ మీద బిగించే దుర్భిణి పెట్టుకుందామని భాయ్‌ని అడిగా. నాది స్ప్రింగ్ అని చెప్పా. డాబా మీద 10 మీటర్లలో, ఊరెళ్తే తోటలో 25 మీటర్లలో కొడతానని కూడా చెప్పా. జవాబుగా వాయిస్ మెసేజ్ వచ్చింది. "బిందాస్‌గా పెట్టుకోండి సార్, రాయిలా ఉంటది. ఏ గన్‌కైనా నడుస్తది." ఆ వాయిస్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, దాని సంగతి తర్వాత చెప్తా.

ఆయన ఇచ్చింది మూడు నుంచి తొమ్మిది పవర్, అంటే అన్ని రెట్లు పెద్దగా చూపేది, ముందు 40 మిల్లీమీటర్ల అద్దం, లోపల ఎర్ర లైటు, పచ్చ లైటు. ధర 4,500. స్కోపుని రైఫిల్‌కి బిగించే మౌంట్లకి ఇంకో 600. గూగుల్ పే కొట్టేశా. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేంది సార్" అన్నాడు. ఎంత ఆప్యాయత!

మొదట్లో బాగానే ఉంది, అదే కొంప ముంచింది. తోటలో 25 మీటర్ల దగ్గర ఐదు పెల్లెట్లూ రూపాయి బిళ్ల కింద దాగిపోయాయి. ఆ ఫొటో గ్రూపులో పెట్టి భాయ్‌కి థాంక్స్ కూడా చెప్పా. ఆ థాంక్స్ చూసి ఎవరైనా కొనుక్కుని ఉంటే నన్ను తిట్టుకోండి, పడతాను.

తర్వాత డాబా మీద 10 మీటర్లలో తొమ్మిది పవర్ పెట్టి చూస్తే టార్గెట్ మీద అంకెలు కూడా కనపడలేదు, అంతా మసక. ఫోన్ చేస్తే "వెనక రింగు తిప్పండి సార్, ఫోకస్ అయితది" అన్నాడు. తిప్పా. కంటి దగ్గరుండే ఆ రింగు తిప్పితే తేటపడేది లోపలి ప్లస్ గీతలు మాత్రమే, టార్గెట్ కాదు. దూరానికి తగ్గట్టు సర్దే రింగు ముందు అద్దం దగ్గరైనా ఉండాలి, పక్కన గుండీలాగైనా ఉండాలి. ముందు ఉండేదాన్నే ఏఓ అంటారు. నా దాంట్లో రెండూ లేవు. పెద్ద తుపాకుల కోసం 100 గజాల దూరానికి ఫ్యాక్టరీలో ఫిక్స్ చేసిన స్కోపు అది. అలాంటిదాంట్లోంచి 10 మీటర్లలో చూస్తే మసక ఒక్కటే కాదు, తల కాస్త అటూ ఇటూ కదిపితే చాలు, గీతలు టార్గెట్ మీద జారుతుంటాయి. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనించకపోతే దెబ్బ పక్కకి పోతుంది. వెనక రింగుని ఫోకస్ అని చెప్పడం తెలియకపోతే అమాయకత్వం, తెలిసి చెబితే మోసం. ఇన్నేళ్లుగా స్కోపులు అమ్మే మనిషికి తెలియదని మీరు నమ్ముతారా?

ఆ తర్వాత దెబ్బలు ఎడమకి జరగడం మొదలైంది. గురి సర్దే గుండీల క్లిక్కులు తిప్పా. పావు మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు మినిట్) క్లిక్ అంటే 10 మీటర్లలో ఒక క్లిక్కుకి 0.7 మిల్లీమీటర్లు. అంటే నలభై తిప్పితే సుమారు 3 సెంటీమీటర్లు కదలాలి. నాది తిప్పినప్పుడు అంగుళం కదలదు, రెండు దెబ్బలు కొట్టాక తనంతట తనే దూకుతుంది. స్టాక్ స్క్రూలు బిగించా, పెల్లెట్లు మార్చా, మౌంట్లు విప్పి మళ్లీ కట్టా. నా చేతులే వణుకుతున్నాయేమో, షుగర్ టెస్ట్ చేయించుకోవాలేమో అని కూడా అనుకున్నా. ఒకరోజు ట్రిగ్గర్ నొక్కి మళ్లీ అందులోంచి చూస్తే ప్లస్ గుర్తు కాస్తా ఇంటూ గుర్తులా పక్కకి తిరిగి ఉంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదో గలగలమంటోంది. షుగర్ టెస్ట్ డబ్బులు మిగిలాయి, అదొక్కటే లాభం.

నిన్న షాపుకెళ్లా.

మార్చి ఇమ్మని మర్యాదగానే అడిగా. స్కోపు చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఊపాడు, గలగల విన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. "స్ప్రింగ్ గన్ మీద పెట్టిండ్రా?" అన్నాడు. అవును, మీరే పెట్టుకోమన్నారు కదా అన్నా. "ఇది స్ప్రింగ్‌కి నడవదు సార్. చిన్న పిల్లలకి కూడా తెలుసు. వారంటీ పోయినట్టే." అలా అంటూనే కౌంటర్ డ్రాయర్ లాగి, ఒక చిన్న కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఇంగ్లిష్‌లో చీమతలకాయంత అక్షరాలు. స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిళ్ల మీద వాడరాదు, వాడితే వారంటీ వర్తించదు అని ఉంది. "చదువుకున్నోళ్లు మీరు, చదవాలి కదా సార్" అన్నాడు.

నా బాక్సులో ఈ కాగితం లేదు. బాక్సు అక్కడే ఉంది, తీసి చూపించా. లెన్స్ తుడిచే గుడ్డ, రెండు మూతలు, మౌంట్ల తాళంచెవి, అంతే. "మీరే పారేసుంటారు" అన్నాడు. అప్పుడు చూశా. ఆ డ్రాయర్ ఇంకా తెరిచే ఉంది. అందులో అవే కాగితాలు, నాలుగు మడతలు పెట్టినవి, రబ్బరు బ్యాండు వేసి కట్టగా ఉన్నాయి. నా బొటనవేలంత మందం కట్ట. ఒక్కొక్క బాక్సు విప్పి, ఒక్కొక్క కాగితం తీసి, పారేయకుండా దాచుకున్నాడు. ఎందుకు దాచాడో కూడా అర్థమైంది. నాలాంటివాడు వచ్చినప్పుడు తీసి చూపించడానికి! అమ్మేటప్పుడు ఆ కాగితం ఉండకూడదు, తిరిగిచ్చేటప్పుడు ఉండాలి. ఇవన్నీ ఎక్కడివని అడిగితే మోకాలితో డ్రాయర్ మూసేసి "ఎక్స్‌ట్రా వచ్చినయ్" అన్నాడు.

అప్పుడు ఫోన్ తీసి ఆ వాయిస్ స్పీకర్‌లో పెట్టా. "రాయిలా ఉంటది" అని షాపంతా వినపడింది. "అది మా పిల్లగాడు పెట్టుంటడు" అన్నాడు. గొంతు ఆయనది, మనిషి నా ఎదురుగా ఉన్నాడు, పిల్లగాడేమో మూలన స్టూలు మీద కూర్చుని పెల్లెట్ డబ్బాలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు. ఈలోగా ఒక పెద్దాయన కొడుకుని తీసుకుని వచ్చాడు. వాళ్ల ముందు నాతో అన్న మాట ఇది: "గన్ మంచిగ పట్టుకోనీకి రావాలె ముందు. అభినవ్ బింద్రా ఇట్లాంటి స్కోపుతోనే గోల్డ్ కొట్టిండు."

ఈ ఒక్క మాటకైనా షాపు మూయించాలి. ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో టెలిస్కోప్ సైటుకి అనుమతే లేదు. వాళ్లు వాడేది పీప్ సైటు, చిన్న రంధ్రంలోంచి చూసేది. 2008లో బీజింగ్‌లో బింద్రా స్వర్ణమైనా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమైనా అలా కొట్టినవే. ఆ పెద్దాయన కొడుకుని పోటీలకి పంపే ఉద్దేశంలో ఉంటే, పాపం ఆ స్కోపు కొనుక్కెళ్లి కోచ్ దగ్గర నవ్వులపాలవుతాడు. బయటికొచ్చాక ఆయనకి చెబుదామనుకున్నా, అప్పటికే ఆయన లైట్లు వెలిగించి చూస్తున్నాడు. ఎర్ర లైటు, పచ్చ లైటు. దీపావళికైతే బాగుంటుంది.

అసలు స్ప్రింగ్ రైఫిల్ మీద ఎందుకు పగులుతుందంటే, పిస్టన్ ముందుకు దూకగానే రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ సిలిండర్ చివర ఆగగానే రైఫిల్ ముందుకు గుంజుతుంది. ఒక్క దెబ్బకి రెండు వైపుల కుదుపు. మామూలు తుపాకీ ప్రధానంగా వెనక్కే తంతుంది, దాని స్కోపుల్లో అద్దాలు, లోపలి గొట్టం ఆ ఒక్క వైపు దెబ్బని తట్టుకునేలా బిగిస్తారు. అందుకే పెద్ద తుపాకీ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపు కూడా మన స్ప్రింగ్ రైఫిల్ మీద చేతులెత్తేస్తుంది. పీసీపీకి, అంటే ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిల్‌కి కుదుపు దాదాపు ఉండదు, ఏది పెట్టినా నడుస్తుంది. గ్రూపులో "సూపర్ స్కోప్ భాయ్" అని పొగిడినవాళ్ల ప్రొఫైల్ ఫొటోలు నిన్న రాత్రి కూర్చుని చూశా. చాలామంది పీసీపీ వాళ్లే. ఈ పని కొనకముందు చేయాల్సింది, బుద్ధి డబ్బులు పోయాకే వచ్చింది.

ఇది రాసే ముందు ఆ డ్రాయర్ సంగతి గ్రూపులో పెట్టా. కాసేపటికే నన్ను తీసేశారు. అడ్మిన్ ఎవరో మీకు తెలుసుగా.

కొనాలనుకునేవాళ్లు స్ప్రింగ్ రైఫిల్‌కి తగినదేనని టైపు చేయించుకోండి, వాయిస్‌లో వద్దు. ఏఓ 10 మీటర్లకి దిగాలి. ఐదు వేల లోపల అయితే తొమ్మిది పవర్, లైట్లు వదిలేసి పవర్ మారకుండా నాలుగు దగ్గరే ఉండేది చూడండి, లోపల కదిలే భాగాలు తక్కువ. మన రైఫిళ్లకి ఎక్కువగా స్కోపు బిగించడానికి 11 మిల్లీమీటర్ల పట్టాలే ఉంటాయి, మౌంటు ఒకే ముక్కగా ఉండి, వెనక్కి జారకుండా పిన్ను ఉన్నది తీసుకోండి. బాక్సు మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, ఎమ్మార్పీ లేకపోతే ముట్టుకోవద్దు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం అవి ఉండి తీరాలి. నా బాక్సు మీద ఒక్కటీ లేదు. బిల్లు లేకుండా ఇస్తే ఆప్యాయత అనుకోకండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశా. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. గూగుల్ పే స్క్రీన్‌షాట్, వాయిస్, స్కోపు, బాక్సు అన్నీ ఉన్నాయి. ఆ భాయ్ దగ్గర ఇదే మోడల్ కొన్నవాళ్లు ఒక్కసారి బాక్సు విప్పి ఆ కాగితం ఉందో లేదో చూడండి. లేకపోతే బాక్సు ఫొటో, డబ్బులు కట్టిన స్క్రీన్‌షాట్ నాకు పంపండి, నా ఫిర్యాదుతో జత చేస్తా.