టమోటా నారుకు ట్రిపుల్ 19: కొన్నేళ్లు వాడాక నా మాట

మాది మదనపల్లె పక్క పల్లె. టమోటా నారు బయట కొనకుండా ప్రోట్రేల్లో (గుంతలుండే ప్లాస్టిక్ ట్రేలు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి, షేడ్‌నెట్ కింద మేమే పెంచుకుంటాం. నారుకు ఎరువంటే ఇక్కడ అందరి నోటా వచ్చేది నీళ్లలో కరిగే 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 19 శాతం చొప్పున ఉండే పొడి. షాపులో ‘ట్రిపుల్ 19’ అంటే చాలు, ప్యాకెట్ చేతిలో పెడతారు. కంపెనీలు మార్చి మార్చి వాడాను, పెద్ద తేడా కనబడలేదు. మొత్తమ్మీద సరుకు మంచిదే. కాకపోతే ఎప్పుడు పోయాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపాలో అంతకంటే ముఖ్యం. షాపాయన ఆ రెండోది చెప్పడు.

మొలిచిన మొదటి వారం నారుకు ఏ ఎరువూ అక్కర్లేదు, గింజలో ఉన్నదే దానికి చాలు. రెండు గింజాకుల మధ్య నుంచి అంచులు నొక్కులున్న అసలు ఆకు విచ్చుకున్నాక మొదలుపెట్టాలి. కోకోపీట్‌లో సొంత బలం పెద్దగా ఉండదు కాబట్టి అప్పటి నుంచి మాత్రం తప్పదు. బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల సిఫారసు లీటరుకు 3 గ్రాములు, విత్తిన 12వ రోజు ఒకసారి, 20వ రోజు ఇంకోసారి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అందుకని మొదటి తడికి 2 గ్రాములతో సరిపెట్టి, రెండో తడికి 3 వేస్తాను. పొద్దున్నే పోసి, వెంటనే ఉత్త నీళ్లు పల్చగా చల్లితే ఆకు అంచులు మాడవు. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు, మొదలు తడిగా ఉండి నారుకుళ్లు వస్తుంది.

ఖర్చు సంగతికొస్తే, 98 గుంతల ట్రేకి అర లీటరు ద్రావణం చాలు. ఎకరాకు దగ్గర దగ్గర 100 ట్రేలు అనుకున్నా తడికి 150 గ్రాములు. కిలో ప్యాకెట్‌లో సగానికి పైగా మిగులుతుంది.

పోసిన మూడు నాలుగు రోజులకే లేత ఆకు పచ్చగా తిరుగుతుంది. అది చూసి ఇంకో డోసు వేద్దామని ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. కాస్త ఆగి ప్యాకెట్ మీద చదవండి, నత్రజనిలో సగానికి మించి యూరియా రూపంలోనే ఉంటుంది. పైన నెట్ నీడ, కింద రెండు పూటలా నీళ్లు, దానికి ఈ యూరియా తోడైతే నారు నిటారుగా ఎగబాకుతుంది. కాడ అగ్గిపుల్లలా సన్నగా, ఆకుకూ ఆకుకూ మధ్య బెత్తెడు ఖాళీ. చూడ్డానికి ఏపుగానే ఉంటుంది, పొలంలో పెట్టిన రోజు మధ్యాహ్నానికే బోదె మీద పడుకుంటుంది. నారు పొట్టిగా, కాడ దిట్టంగా ఉందా లేదా అన్నదే నేను చూసేది.

చలికాలంలో ఇంకో తంటా. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబర్, జనవరి రాత్రులు బాగా చల్లబడతాయి. ఆకు తిప్పి చూస్తే ఈనెలు, అడుగుభాగం ఊదా రంగుకు తిరుగుతాయి. భాస్వరం లోపమే అది, కానీ చాలాసార్లు ట్రేలో భాస్వరం లేక కాదు, చలికి వేరు పీల్చుకోలేక. ఇంకో రెండు గ్రాములు పోస్తే ఉప్పు పేరుకోవడం తప్ప ఒరిగేది లేదు. నాలుగు రోజులు ఎండ బాగా కాస్తే దానంతటదే సర్దుకుంటుంది. ఈలోపు ఎవరెవరో వచ్చి ఏదో ఒక సీసా పేరు చెప్పి పోతారు, అది వేరే టెన్షన్.

ఈ పొడిలో కాల్షియం ఉండదు. కోకోపీటేమో ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. సరిగా కడగని పీట్ అయితే మరీనూ. అందుకే మధ్యలో ఒకసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు గ్రాము చొప్పున విడిగా ఇస్తాను. రెండూ ఒకే బకెట్‌లో కలపొద్దు. నీళ్లు పాలలా తెల్లబడి అడుగున సున్నంలాంటి మడ్డి దిగుతుంది. భాస్వరం, కాల్షియం రెండూ ఆ మడ్డిలోనే పోయినట్టు.

నాటడానికి వారం ముందు ట్రిపుల్ 19 పూర్తిగా బంద్. నీళ్లు ఒక పూటకు తగ్గించి, షేడ్‌నెట్ రోజూ కొంచెం కొంచెం తీస్తాను. తెల్లదోమ రాకుండా కట్టిన సన్నకన్ను నెట్ మాత్రం చివరిదాకా ఉండాల్సిందే, ఆకుముడత వైరస్ నారులోనే అంటిందంటే తర్వాత ఏ ఎరువూ కాపాడదు. ఆ వారంలో కాడ కొద్దిగా ఊదా రంగు తేలి గట్టిపడుతుంది, ఆకు దళసరి అవుతుంది. 25 నుంచి 30 రోజుల నారును మొదలు పట్టి లాగితే పీట్ రాలకుండా, తెల్లటి వేళ్లతో ముద్ద మొత్తం ఊడి రావాలి.

డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే గుళికల ఎరువు) నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. చవకే, కానీ పూర్తిగా కరగదు, పొటాష్ ఉండదు. మట్టి మడిలో నారుకైతే నడుస్తుంది, ట్రేలకు నేను వాడను. పీట్‌లో వర్మీకంపోస్టు కలిపి నింపుకుంటే ట్రిపుల్ 19 మొదటి తడి మానేసినా నష్టం లేదు. మిద్దె మీద నాలుగు కుండీల కోసం నారు పోసుకునేవాళ్లకు అదే మేలు, కిలో ప్యాకెట్ దండగ. ఒకవేళ కొన్నా, విప్పిన ప్యాకెట్‌ను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి పెట్టండి. వానాకాలం గాలికి రెండు రోజుల్లో రాయిలా గడ్డ కడుతుంది. ఆ గడ్డను నలగ్గొడితే కరుగుతుంది గానీ, స్పూను కొలత పనికిరాదు, కాటా వేసుకోవాల్సిందే.