మెత్తటి షూనా, పల్చటి షూనా? మోకాలు నొప్పెడుతుంటే ఏది మేలు

మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు. దిగేటప్పుడే తెలిసింది. 18 కిలోమీటర్ల లాంగ్ రన్ చేసి వచ్చిన రోజు సాయంత్రం, రెయిలింగ్ పట్టుకుని, పీతలా పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగాను. కుడి మోకాలి చిప్ప వెనక మొద్దు నొప్పి. ఎక్కడ అని అడిగితే వేలు పెట్టి చూపించలేను. చిప్ప చుట్టూ అరచెయ్యి తిప్పి "ఇక్కడే ఎక్కడో" అనాలి. చిప్ప నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది ఇలాగే చెయ్యి తిప్పి చూపిస్తారని తర్వాత ఫిజియో చెప్పారు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని కొత్త షూ కోసం వెతకడం. తోటి రన్నర్లను అడిగితే సలహాలు రెండుగా చీలిపోయాయి. ఒకాయన "దిండులాంటి షూ వేసుకోండి, దెబ్బంతా అదే మింగేస్తుంది" అన్నారు. ఇంకొకాయన "ఆ దిండ్ల వల్లే మీకీ నొప్పి. పల్చటి షూ వేసుకుంటే కాలు దానంతటదే సరిగ్గా పడుతుంది" అన్నారు. ఇద్దరూ గట్టి నమ్మకంతోనే చెప్పారు. ఇద్దరి మోకాళ్లూ దివ్యంగా ఉన్నాయి, చిక్కంతా అక్కడే. రెండేళ్లలో రెండు రకాలూ వాడాను కాబట్టి ఇప్పుడు నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది.

ఈ గొడవ ఇప్పటిది కాదు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను వట్టి కాళ్లతో పరిగెత్తి గెలిచాడు. పల్చటి షూ పక్షం వాళ్లు ఈ కథ చెప్పని రోజుండదు. అదే బికిలా 1964లో టోక్యోలో షూ వేసుకుని, అంతకంటే మూడు నిమిషాలు ముందుగా పూర్తి చేసి మళ్లీ గెలిచాడన్నది మాత్రం వాళ్ల నోట రాదు. 2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం ఒక సంగతి చూపించింది. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్లు ఎక్కువగా అరికాలి ముందు భాగం మీద దిగుతారు, మడమ నేలకు తగిలినప్పుడు వచ్చే ఆ మొదటి కుదుపు వాళ్లలో దాదాపు కనిపించదు. దాంతో అయిదు వేళ్ల గ్లవుజులాంటి షూ తొడుక్కోవడం ఒక ఊపు ఊపింది. 2014లో ఆ షూ తయారుచేసే వైబ్రమ్ కంపెనీ, ఆరోగ్య లాభాల ప్రచారం మీద పడ్డ కేసును 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. ఇంతలో 2009లో ఫ్రాన్స్‌లో మొదలైన హోకా అట్టలు అట్టలుగా పేర్చినట్టుండే షూ తెచ్చింది, గాలి అటు తిరిగింది. పోటీల్లో ఆ మందం మరీ పెరిగిపోయి, 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు షూ సోల్‌కు 40 మిల్లీమీటర్లని హద్దు పెట్టాల్సి వచ్చింది.

ఫ్యాషన్ సంగతి వదిలేసి కాలి లోపలికి వద్దాం. మెత్తటి షూతో మడమ మీద దిగామనుకోండి. కాలు నేలను తాకిన వెంటనే మోకాలు వంగుతుంది, ఆ వంపును ఆపడానికి తొడ ముందు కండరం బిగుసుకుంటుంది, అది చిప్పను వెనక్కి నొక్కుతుంది. ప్రతి అడుగుకీ ఇదే తంతు. పల్చటి షూతో ముందు పాదం మీద దిగితే ఆ పనిలో పెద్ద వాటా పిక్క, మడమ వెనక స్నాయువు తీసుకుంటాయి. మోకాలు తేలికపడుతుంది. అంటే షూ మార్చినప్పుడు భారం మాయం కావడం లేదు, చోటు మారుతోంది. ఇది అర్థమయ్యాక "ఏ షూ మంచిది" అన్న ప్రశ్న నాకు "ఇప్పుడు నా కాలులో ఏ భాగానికి ఖాళీ ఉంది" అన్న ప్రశ్నగా మారిపోయింది.

నాకిది తెలిసింది మాత్రం దెబ్బ తగిలాకే. ముందు పల్చటి షూ కొన్నాను. మొదటి రెండు వారాలు స్వర్గం. మోకాలు ఉందన్న సంగతే గుర్తు లేదు. మూడో వారం పిక్కలు రాయిలా బిగిశాయి, పొద్దున మంచం దిగి మొదటి నాలుగు అడుగులు కుంటుకుంటూ వేసేవాణ్ని. నాలుగో వారం పాదం పైభాగాన, వేళ్ల ఎముకల మీద, వేలితో నొక్కితే కలుక్కుమనే చోటు ఒకటి తయారైంది. భయపడి ఆపేశాను. ఆపడమే మంచిదైంది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో అలవాటున్న 36 మంది రన్నర్లను తీసుకుని, సగం మందిని 10 వారాల్లో మెల్లమెల్లగా అయిదు వేళ్ల షూకు మార్చారు. తర్వాత ఎమ్మారై తీస్తే, మారినవాళ్లలో సగానికి పైగా మంది పాదాల ఎముకల్లో మూలుగ వాపు పెరిగింది. వాళ్లు చెప్పినట్టు మెల్లగా మారినవాళ్లే, గుర్తు పెట్టుకోండి.

మరి మెత్తటిది? దాని పక్షాన గట్టి సాక్ష్యమే ఉంది. లక్సెంబర్గ్‌లో 848 మందికి చూడ్డానికి ఒకేలా ఉండే షూ ఇచ్చారు. తేడా ఒక్క కుషన్ గట్టిదనంలోనే. 6 నెలల్లో గట్టి షూ వాళ్లకు గాయాల ముప్పు ఒకటిన్నర రెట్లు ఉందని 2020లో ప్రచురించారు. అందులో నాకు నచ్చిన మెలిక ఒకటుంది. "మీరు కాస్త బరువున్నారు కదా సార్, మీకు ఎక్కువ కుషన్ కావాలి" అంటుంటారు కదా, ఆ ప్రయోగంలో మెత్తదనం వల్ల లాభం కనిపించింది తేలికగా ఉన్నవాళ్లలో.

అలాగని మెత్తన ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. మరీ మందపాటి సోల్ మీద పరిగెడితే కాలు తనకు తెలియకుండానే కొంచెం బిగుసుకుంటుంది, పరుపు మీద గెంతేటప్పుడు మోకాళ్లు బిగబట్టినట్టు. మలుపుల్లో చీలమండ ఊగుతుంది కూడా. నేను కొన్న మందపాటి జత తారు రోడ్డు మీద హాయిగా ఉండేది, గులకరాళ్ల దారిలో మాత్రం రెండుసార్లు కాలు మడతపడబోయింది.

డబ్బా మీద, వెబ్‌సైట్లో 'డ్రాప్' అని ఒక అంకె ఉంటుంది, మిల్లీమీటర్లలో. మడమ కింది మందంలోంచి వేళ్ల కింది మందం తీసేస్తే వచ్చేది. 10, 12 ఉంటే పాతకాలపు పద్ధతి, 4 నుంచి 8 నడిమిరకం, 0 అంటే చదును. డ్రాప్ తగ్గే కొద్దీ పని మోకాలి నుంచి పిక్క వైపు జారుతుంది. ఇందులోనూ ఒక ప్రయోగం జరిగింది: 10, 6, 0 డ్రాప్ షూలు 553 మందికి ఇచ్చి చూస్తే మొత్తం మీద గాయాల్లో తేడా రాలేదు. విడదీసి చూస్తే, ఎప్పుడో ఒకసారి పరిగెత్తేవాళ్లకు తక్కువ డ్రాప్ మేలు చేసింది, క్రమం తప్పకుండా పరిగెత్తేవాళ్లకు అదే కీడు చేసింది. దూరాలు పరిగెత్తే మనం రెండో గుంపులోవాళ్లం. అందుకే మోకాలు నొప్పని చెప్పి 10 నుంచి ఒక్కసారిగా 0కు దూకేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

పాదం లోపలికి వాలకుండా పట్టి ఉంచే స్టెబిలిటీ షూ గురించి రెండు ముక్కలు చాలు. తడి పాదం ముద్ర చూసి షూ ఇచ్చే పద్ధతిని అమెరికా సైన్యంలో వేలాది కొత్త సైనికుల మీద పరీక్షించారు, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లతో పోలిస్తే గాయాలు తగ్గలేదు. పాదం బాగా లోపలికి వాలేవాళ్లకు మాత్రం ఇవి పనికొస్తాయని 2016లో మరో ప్రయోగం చెప్పింది. పాత షూ మడమ బయటి అంచు అరిగిందని కంగారు పడకండి, దాదాపు అందరికీ అక్కడే అరుగుతుంది. సోల్ లోపల గట్టి కార్బన్ పలక ఉండే కార్బన్ ప్లేటు షూ టైమ్ కోసం, మోకాలి కోసం కాదు.

అసలు పోటీ ఈ షూకీ ఆ షూకీ మధ్య కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. కెనడాలో చిప్ప నొప్పి ఉన్న 69 మంది రన్నర్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు పరుగు భారాన్ని ఎలా సర్దుకోవాలో మాత్రమే నేర్పారు. రెండో గుంపుకు దానితోపాటు వ్యాయామాలు, మూడో గుంపుకు దానితోపాటు పరిగెత్తే తీరు మార్పించారు. 8 వారాలయ్యేసరికి మూడు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. అంటే అసలు పని చేసింది మూడు గుంపులకూ నేర్పిన ఆ మొదటిదే అనిపిస్తుంది. 2018లో వచ్చిన ఈ ఫలితం చదివాక నా డైరీ తీసి చూసుకున్నాను. మూడు వారాల్లో వారానికి 34 కిలోమీటర్ల నుంచి 52కు వెళ్లాను, అది చాలదన్నట్టు అదే నెలలో ఏటవాలు దారి ఒకటి కలిపాను. ఇంత ఆధారం కళ్లముందు పెట్టుకుని నేను నిందించింది షూని!

సర్దుకోవడం అంటే పూర్తిగా మానెయ్యడం కాదు. మానేస్తే నొప్పి పోతుంది, నిజమే. మూడు వారాల తర్వాత మళ్లీ అదే దూరానికి వెళ్తే అదీ తిరిగొస్తుంది, ఈలోగా కండరం కూడా కొంత కరిగి ఉంటుంది. నేను వాడే కొలత ఇదీ: పదికి రెండు మార్కుల నొప్పి దాకా పరిగెత్తొచ్చు, ఆపాక గంటలోపు అది మామూలుకు రావాలి, మర్నాడు మెట్లు దిగేటప్పుడు పెరగకూడదు. ముందు దిగుడు దారులు మానాలి, తర్వాత స్పీడ్ వర్కౌట్లు, ఆ తర్వాతే లాంగ్ రన్ కుదించాలి. వారానికి మూడు పెద్ద పరుగుల బదులు అయిదు చిన్న పరుగులు చేస్తే చిప్ప ఓర్చుకుంటుంది.

దీని తర్వాత నేను పెట్టేది అడుగుల లెక్క. దీనికి పైసా ఖర్చు లేదు. మామూలు వేగంతో పరిగెడుతూ 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు దిగిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. నాకు 40 వచ్చింది, అంటే నిమిషానికి 160. దాన్ని 42కు తెచ్చాను. రెండంటే రెండే. శబ్దం మారిపోయింది, ధబ్ ధబ్‌మనేది టపటపమంది. అడుగు పొట్టిదై, పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది. 2011 నాటి ఒక పరిశోధనలో అడుగులు 5 శాతం పెంచితే మోకాలు మింగాల్సిన శక్తి ఐదో వంతు, 10 శాతం పెంచితే మూడో వంతు తగ్గింది. అందరూ జపించే 180 జోలికి మాత్రం వెళ్లకండి. ఆ అంకె 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మేటి రన్నర్లను చూస్తూ జాక్ డేనియల్స్ అనే కోచ్ లెక్కపెట్టింది. వాళ్ల వేగం మన దగ్గర లేదు.

ఇక్కడిదాకా చెప్పిందంతా చిప్ప నొప్పి గురించే. మోకాలి బయటి పక్కన, ప్రతిసారీ ఇంచుమించు అదే కిలోమీటరు దగ్గర మంటలా మొదలై ఆపితే తగ్గేది వేరు, అది తుంటి నుంచి తొడ బయటి పక్కగా మోకాలి దాకా దిగే ఐటీ బ్యాండ్ అనే పట్టీ తాలూకుది. దానికి షూ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. చిప్ప కింద వేలు పెట్టి చూపించగలిగే నొప్పి స్నాయువుది. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు ఇరుక్కున్నా, నిలబడితే మడతపడిపోతున్నా షూల పేజీ మూసేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయని ఇంట్లో అనేవాళ్లుంటారు. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం, పోటీస్థాయి వాళ్లలో 13.3 శాతం ఉంది. పరుగే కాపాడిందని దీన్నిబట్టి తేల్చలేం, కానీ అన్నం తింటున్నప్పుడు చెప్పడానికి పనికొస్తుంది.

ఇంతకీ ఏది కొనాలి? చిప్ప నొప్పితో దూరాలు పరిగెత్తేవాళ్లకు నా ఓటు నడిమిరకానికి: ఓ మోస్తరు మెత్తన, 6 నుంచి 8 డ్రాప్. పిక్క, మడమ గట్టిగా ఉండి, నెలల తరబడి ఓపిక పట్టగలిగితే ఇంకొంచెం కిందికి దిగొచ్చు. మడమ స్నాయువు నొప్పి చరిత్ర ఉంటే ఆ ఆలోచనే వద్దు. ఈ అంకెలకంటే పెద్ద పరీక్ష సుఖం. శరీరం కదిలే తీరును చదివే బయోమెకానిక్స్‌లో పేరున్న బెన్నో నిగ్ కూడా చివరికి, కాలికి హాయిగా అనిపించేదే తీసుకోమన్నారు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసి చూడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి. నాలుగడుగులు నడిచి సరేననకుండా, పరిగెత్తి చూడండి. వాడగా వాడగా సర్దుకుంటుందన్న మాట నమ్మకండి, మొదటి నిమిషంలో నొక్కింది 30వ కిలోమీటర్‌లో ఇంకా నొక్కుతుంది.

వీలైతే రెండు జతలు, రెండూ వేరువేరు రకాలు. 264 మందిని 22 వారాలు గమనిస్తే, జతలు మార్చి మార్చి వాడినవాళ్లలో గాయాల ముప్పు 39 శాతం తక్కువ ఉంది. కారణం ఊహించగలం, రోజూ ఒకే చోట పడే భారం కాస్త అటూ ఇటూ పంచుకుంటుంది. 500 నుంచి 800 కిలోమీటర్లకు ఒక జతను సాగనంపాలి. పైకి కొత్తదిలానే ఉన్నా, సోల్ పక్కభాగాన అడ్డంగా ముడతలు పడి బొటనవేలితో నొక్కితే తిరిగి లేవకపోతే దాని పని అయిపోయినట్టే. నేను షూ నాలుక (లేసుల కింది పట్టీ) లోపలి వైపు పెన్నుతో కొన్న తేదీ రాసుకుంటాను.

ఇప్పుడు నడిమిరకం ఒకటి, మెత్తటిది ఒకటి మార్చి మార్చి వాడుతున్నాను. పల్చటి జతను పారేయలేదు. వారానికోసారి గడ్డి మీద ఓ పది నిమిషాలు, పిక్కల కోసం. పోయిన వారం 20 కిలోమీటర్లు చేసి వచ్చి మెట్లు నేరుగానే దిగాను, రెయిలింగ్ మీద చెయ్యి మాత్రం ఇంకా వేస్తున్నాను.