‘అన్‌పాలిష్డ్’ కొర్రలు కొంటున్నారా? ఒకసారి అరచేతిలో నలిపి చూడండి

హనుమకొండ, వరంగల్‌లో చిరుధాన్యాలు కొనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఐదు కిలోల కొర్రలు కొని మోసపోయాను. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. పైగా ఇలా అమ్మేది ఆ ఒక్కరే అని కూడా నేను అనుకోవడం లేదు.

మా వారికి షుగర్ హద్దు మీద ఉందని తేలింది. పొద్దున ఇడ్లీ, దోసె తగ్గించి పాలిష్ పట్టని గింజ ఏదైనా తినమన్నారు డాక్టరు గారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచి ఈ సరుకు అమ్మే దుకాణాలకు మా దగ్గరా కొదవ లేదు. అలాంటి ఒకదానికి వెళ్లాను. చెక్క అరలు, గోనె సంచులు, గోడ మీద ఎడ్లబండి బొమ్మ. కొర్రలు కిలో 170 రూపాయలు. మా వీధి కిరాణా కొట్టులో 95. ఇంత తేడా ఎందుకని అడిగితే, “ఇవి అన్‌పాలిష్డ్ అక్కా” అన్నాడు. నానబెట్టే పని లేదు, పది నిమిషాల్లో ఉడుకుతాయి, ఏడాది ఉంచినా పాడుకావు అని కూడా చెప్పాడు. సంబరపడి 850 రూపాయలు కట్టి వచ్చాను.

ఉప్మా చేస్తే నిజంగానే పది నిమిషాల్లో ఉడికింది. తెల్లగా, మెత్తగా, అన్నం ముద్దలా. మా వారు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూస్తే, ఇడ్లీ తిన్న రోజు ఎంత ఉందో ఇంచుమించు అంతే. ఒక్క పూట లెక్కతో ఏమీ తేలదులే, కాస్త ఎక్కువ తిన్నారేమో అని సరిపెట్టుకున్నాను.

అసలు సంగతి పట్టుకున్నది మా అత్తమ్మ. పరకాల దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి, చిన్నప్పుడు కొర్రలు రోట్లో దంచి చాటతో చెరిగిన చెయ్యి. గుప్పెడు గింజలు తీసుకుని అరచేతుల మధ్య గట్టిగా నలిపి, చేతులు నా ముందు చాపింది. “పొడి అంటిందా? తవుడు ఉంటే కదా అంటడానికి! ఏం మిగిలిందని తింటారు బిడ్డా?” ఉట్నూరు వైపు ఉండే మా ఆడపడుచు పంపిన కొర్రలు డబ్బాలో కొన్ని ఉంటే, రెండూ పక్కపక్కన పళ్లెంలో పోశాం. అవి బూడిద అద్దినట్టు మసక పసుపు రంగులో, చేతికి గరుకుగా ఉన్నాయి. నావి నిగనిగలాడుతూ వేళ్ల మధ్య నుంచి జారిపోతున్నాయి. ఎనుమాముల లాంటి మార్కెట్ ఉన్న ఊళ్లో ఉంటూ గింజ గుర్తుపట్టలేకపోయానని సిగ్గేసింది.

వెనక్కి తీసుకెళ్తే, “పొట్టు తీయకుండా మనిషి తినలేడు కదా అక్కా, అందరూ ఇలాగే అమ్ముతారు” అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలకు పైన గట్టి ఊక ఉంటుంది, అది తీయక తప్పదు. దాని కింది పల్చని తవుడు పొరను కూడా మరలో గీకేస్తే అది పాలిష్. పీచులో ఎక్కువ భాగం ఆ పొరతోనే పోతుంది. తవుడులో, మొలకలో నూనె ఉంటుంది కాబట్టి అవి పోని గింజ కొన్ని నెలలకే చేదెక్కుతుంది, ఉడకడానికీ నానబెట్టాలి, కాస్త ఓపిక పట్టాలి. అంటే అతను గొప్పగా చెప్పిన ఆ మూడు మాటలే పాలిష్ పట్టారనడానికి ఆనవాళ్లు. నేను వాటికే మురిసిపోయాను!

ఇంటికొచ్చాక కవరు తిప్పి చూశాను. ప్యాక్ చేసిన నెల లేదు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు లేదు. ‘అన్‌పాలిష్డ్’ అన్న స్టిక్కరు మాత్రం ఉంది. బిల్లు అడగకపోవడం నా తప్పే. ఫోనులో డబ్బు కట్టిన వివరం ఉంది కాబట్టి దాని ఆధారంగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. సరుకుకు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. 850 రూపాయలకు ఇంత రభస ఏమిటని మా వారు నవ్వుతున్నారు, నవ్వనీ.

ప్రస్తుతానికి జొన్నలకు మారాం. వాటి ఊక నూర్పిడిలోనే పోతుంది కాబట్టి, ముడి గింజలు కొని గిర్నీలో మన కళ్ల ముందే రవ్వ పట్టించుకోవచ్చు. రాత్రి నానబెట్టి పొద్దున గటక వండితే, నమలలేక దవడలు నొప్పి పుడుతున్నాయని మా వారిది రోజూ ఒకటే సణుగుడు. మిగిలిన నాలుగు కిలోల కొర్రలను స్టిక్కరుతో సహా మూటగట్టి అటకెక్కించాను. ఏడాది పాడుకావన్నాడుగా, ఫిర్యాదు తేలేదాకా ఉంటాయి.