కార్లైల్ కార్ షోకి పోలీస్ కారుతో: షో అద్భుతం, మోటెల్ దారుణం

పాత పోలీస్ కారుతో కార్ షోకి వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసేటప్పుడే ఆ సంగతి చెప్పండి. సరేనన్న మాటని ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో ఒప్పుకున్నదానికి విలువ లేదని మాకు బాగా తెలిసొచ్చింది.

మా బావ వేలంలో కొని, సొంతంగా బాగుచేసుకున్న 2008 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా పోలీస్ ఇంటర్‌సెప్టర్‌ని (పోలీసుల కోసమే చేసిన మోడల్) పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో జూన్‌లో జరిగే ఫోర్డ్ షోకి తీసుకెళ్ళాం. న్యూజెర్సీ నుంచి ఐ-78, ఐ-81 హైవేల మీదుగా హాయిగా చేరాం. రానూపోనూ పెట్రోలుకి 68 డాలర్లు. పైకప్పు మీది లైట్ బార్‌కి కవర్ తొడిగి, తలుపుల మీద ‘సర్వీసులో లేదు’ అన్న మాగ్నెట్ పలకలు పెట్టినా, మమ్మల్ని అద్దంలో చూడగానే ముందు కార్లన్నీ నెమ్మదించేవి. అక్క దారంతా నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు మోటెల్ దాకే. పన్నులు కాక గది 119 డాలర్లు అన్నారు. తీరా వెళ్ళాక ‘ఈవెంట్ ఛార్జీ’ అని 20, పార్కింగ్‌కి 15 కలిపారు. బుక్ చేసినప్పుడు ఈ రెండింటి మాటే ఎత్తలేదు. పోనీలే అని కట్టేశాం. రాత్రి పదింటికి కౌంటర్ నుంచి ఫోన్: పోలీస్ కారుని చూసి మిగతా గెస్టులు కంగారు పడుతున్నారట, బిల్డింగ్ వెనక్కి తీసి పెట్టాలట. వెనక లైటు లేదు, కెమెరా లేదు, పెద్ద చెత్త డబ్బా మాత్రం ఉంది. అలాగైతే పార్కింగ్ డబ్బులు వెనక్కివ్వమని బావ మర్యాదగానే అడిగాడు. కుదరదన్నాడు మేనేజర్, కనీసం తలెత్తి చూడకుండా. “ఇంత డబ్బు పోసి చెత్త డబ్బాకి కాపలా కాయడానికొచ్చామా?” అని అక్క గట్టిగానే అంది. బావ రాత్రంతా లేచి లేచి మెట్ల దగ్గర కిటికీలోంచి కారు చూసుకుంటూనే ఉన్నాడు. తెల్లారాక ముగ్గురం ముఖాలు ముడుచుకునే బయల్దేరాం.

షో గ్రౌండ్‌లో అడుగుపెట్టాక అదంతా మర్చిపోయాం. మా పక్కన ఒక పెద్దాయన మస్టాంగ్ ఎస్‌ఎస్‌పి (ఫోర్డ్ మస్టాంగ్‌లో పోలీసుల కోసం చేసిన రకం) నిలబెట్టారు. వేగంగా పోయేవాళ్ళని అందుకోవడానికి కాలిఫోర్నియా హైవే పోలీసులు 1982లో వాడటం మొదలుపెట్టిన రకం అది. 1993 దాకా తయారైంది. పాత రేడియో, దాని మైకు, వైర్లతో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి గురించి ఎవరు ఏమడిగినా ఆయన విసుక్కోకుండా చెప్పారు. బావ ఆయన దగ్గర్నుంచి కదిలితే ఒట్టు.

మా కారు డిక్కీ మూతకి బావ మళ్ళీ రంగు వేయించలేదు. అది ఎంత మంచి పనో అక్కడ తెలిసింది. స్టిక్కర్లు పీకేసిన చోట రంగు వెలవలేదు కాబట్టి, ఎండ పక్కగా పడితే పాత అక్షరాలు నీడలా కనిపిస్తాయి. జనం వంగి మరీ చదివారు. పైకప్పు మీద యాంటెనా తీసేసిన రంధ్రానికి రబ్బరు బిరడా కూడా అలాగే ఉంచాడు. అన్నీ పూడ్చి తళతళలాడించిన కార్ల కంటే నాకు ఇలాంటివే నచ్చుతాయి.

మీటర్ చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. 98 వేల మైళ్ళే తిరిగింది, కానీ ఐడిల్ గంటలు, అంటే కారు కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉన్న గంటలు, 6,200. ఫోర్డ్ లెక్కలో ఒక ఐడిల్ గంట 33 మైళ్ళతో సమానం, అంటే ఇంజిన్‌కి ఇంకో రెండు లక్షల మైళ్ళ అరుగుదల. వేలంలో కొనేవాళ్ళు మైళ్ళు చూసి మోసపోకండి, ముందు ఆ గంటలు చూడండి. మా కారు లాంటిదైతే ఛాసిస్ నంబర్‌లో పి71 అన్న పోలీస్ మోడల్ కోడ్ ఉందో లేదో కూడా చూసుకోండి. 2011 సెప్టెంబర్‌లో కెనడాలోని సెయింట్ థామస్ ప్లాంట్‌లో ఆఖరి క్రౌన్ విక్టోరియా తయారైంది, కాబట్టి మంచి కండిషన్‌లో ఉన్నవి ఇక తగ్గేవే.

వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవని పిల్లలకి చూపించే పని అక్క తీసుకుంది. సాయంత్రానికి గొంతు పోయింది, అయినా కదల్లేదు. ఈసారి మాత్రం గది హ్యారిస్‌బర్గ్‌లోనే తీసుకుంటాం. పొద్దున్నే ఇరవై మైళ్ళు ఎక్కువ నడపాలన్నా బావ అప్పుడే సరేనన్నాడు.