నల్లగొండ, పాలమూరు నర్సరీల్లో దొరికే నేలపరుపు పూలమొక్కలు: ఏది కొనాలి, ఏది వదలాలి

మన దిక్కు నర్సరీలో "గ్రౌండ్ కవర్ కావాలె" అని అడిగితే దాదాపుగా ఇవే చూపిస్తారు: ఎవోల్వులస్, టేబుల్ రోజ్, వెడీలియా, పాకే లాంటానా, వెర్బీనా, పింటో పీనట్. గ్రీన్ నెట్ కింద ఉన్నప్పుడు అన్నీ ముద్దుగానే కనిపిస్తాయి. రోహిణి కార్తె ఎండకు, ఉప్పు బోరు నీళ్లకు, చల్క నేలకు తట్టుకునేవి మాత్రం కొన్నే. ఇంటి ముందు ఎండపడే జాగకు ఒక్క రకమే కొనేటట్లయితే ఎవోల్వులస్ కొనండి.

దీన్నే బ్లూ డేజ్ అని కూడా అమ్ముతారు. మన గుట్టల మీద, బీడు భూముల్లో తనంతట తానే మొలిచే విష్ణుక్రాంత జాతిదే. అయితే పువ్వు దానికన్నా పెద్దది, మొక్క గుబురుగా ఉంటుంది. ఎత్తు అడుగు లోపే, వెడల్పు దాదాపు రెండడుగులు. ఆకుల మీద సన్నని నూగు ఉండటం వల్ల ఎండకు ఓర్చుకుంటుంది. నీలం పూలు పొద్దున విప్పి సాయంత్రానికి ముడుచుకుంటాయి. ఏ రోజు పూలు ఆ రోజే రాలిపోతాయి గనుక ఎండుపూలు ఏరే పని లేదు. దీనికి పడనిది ఒక్కటే, నిలిచిన నీరు. నల్లరేగడిలో నేల మట్టానికే నాటితే వానాకాలంలో మొదలు నల్లబడి కొమ్మ కొమ్మగా ఎండిపోతుంది. రేగడి ఉన్నవాళ్లు మడిని ఆరంగుళాలు ఎత్తు చేసి నాటాలి. గుప్పెడు ఇసుక కలిపినంత మాత్రాన రేగడిలో నీరు దిగదు. ఏడాది దాటాక నడుమ కొమ్మలు గట్టిపడి బోసిగా కనిపిస్తాయి. చలి తగ్గాక మూడో వంతు కత్తిరిస్తే మళ్లీ చిగుర్లు వేస్తుంది.

టేబుల్ రోజ్ మన గంగవాయిలి కూర జాతిది. ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది కాబట్టి దుబ్బ నేలైనా, మొరం కలిసిన నేలైనా దానికి ఒకటే. రంగుల విషయంలో దీనికి సాటి లేదు. కానీ పువ్వు విప్పాలంటే నేరుగా ఎండ తగలాలి. గోడ నీడలో నాటితే ఆకులే పెరుగుతాయి. మబ్బు రోజుల్లో మొగ్గలు మూసుకునే ఉంటాయి. మధ్యాహ్నం దాటితే పూలు ముడుచుకుంటాయి, కాబట్టి సాయంత్రం చుట్టాలొచ్చే వాకిలికి దీన్ని నమ్ముకోవద్దు. రోజూ నీళ్లు పోస్తే కాడలు గాజులా పారదర్శకమై మెత్తబడి కుళ్లుతాయి. వేలు రెండంగుళాలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పెట్టాలి. యూరియా అసలు వద్దు, పూలు తగ్గుతాయి. దీన్ని సంచుల లెక్కన కొనడం డబ్బు దండగ. రంగుకు రెండు సంచులు తెచ్చి, మూడంగుళాల కాడలు తుంచి, ఒకరోజు నీడలో ఆరబెట్టి, ఆరంగుళాలకు ఒకటి గుచ్చితే చాలు.

వెడీలియా చవక, తొందరగా పరుచుకుంటుంది, పసుపు పూలూ బాగుంటాయి. అయినా నేలలో నాటమని ఎవరికీ చెప్పలేం. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది, పీకినా ముక్క మిగిలితే మళ్లీ లేస్తుంది. ప్రపంచంలోని 100 అతి చెడ్డ దురాక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది. మోరీ పక్కన, కాలువ పక్కన అసలు వద్దు. లాంటానాలో ఊదా పూలతో నేలకు పాకే రకాన్నే అడగండి. ఎండకు బాగా నిలుస్తుంది. నిలువుగా పెరిగే రంగురంగుల లాంటానా ఇప్పటికే నల్లమలను కమ్మేసింది, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఇళ్లలో దాన్ని పెట్టకపోవడమే మంచిది. లాంటానా ఆకు మేకలకు, పశువులకు విషం, గేటు బయట నాటవద్దు.

పింటో పీనట్ పల్లి జాతి. సాయంత్రపు నీడ, క్రమం తప్పని తడి ఉన్నచోట పచ్చగా పరుచుకుంటుంది. సున్నం ఎక్కువున్న నేలలో మాత్రం లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. అది ఇనుప లోపం. పల్లి చేనుకు కొట్టే మందే దీనికీ: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వారం తేడాతో రెండుసార్లు చల్లాలి. వెర్బీనా చలికాలపు పువ్వు, ఎండాకాలం దాటుతుందని ఆశపడొద్దు. అంచుకు స్పైడర్ ప్లాంట్ అంటగట్టబోతే, ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లు తీసుకోవద్దు. ఫ్లోరైడ్‌కు దాని ఆకు కొనలు మాడిపోతాయి.

కొనేటప్పుడు పువ్వు కాదు, సంచి చూడండి. సంచిలో తుంగ మొలక ఒక్కటి కనిపించినా పక్కన పెట్టేయండి, ఆ గడ్డ మడంతా పాకుతుంది. ఆకుల కింద, కణుపుల దగ్గర తెల్లని పిండినల్లి ఉందేమో తిప్పి చూడండి. బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కైతే నాటేముందు నీళ్లలో నానబెట్టి అంచు మట్టిని వదులు చేయాలి, లేకుంటే వేరు ఆ ముద్ద దాటి బయటికి రాదు. నెట్ కింద పెరిగిన మొక్కను వారం పాటు పొద్దుటి ఎండకు అలవాటు చేశాకే నాటాలి.

నాటడానికి మిరుగు దాటి రెండు మంచి వానలు పడ్డాక అనువు. నేల ఎనిమిది అంగుళాల లోతు తవ్వి తుంగ గడ్డలు, గరుక వేర్లు ఏరేయాలి. మాగిన పెంట అంగుళం మందాన పరిచి కలపాలి. 100 చదరపు అడుగులకు సిమెంటు సంచులతో ఆరేడు సంచులు పడుతుంది. పచ్చి పెంటతో చెదలు, కలుపు విత్తనాలు వస్తాయి. ఎవోల్వులస్‌ను అడుగుకొకటి చొప్పున నాటితే ఆ జాగకు 100 మొక్కలు పడతాయి. నీళ్లు ఆకుల మీద చల్లితే బోరు ఉప్పు తెల్లమచ్చలుగా మిగులుతుంది, కాబట్టి మొక్క మొదలు దగ్గరే పోయాలి. డ్రిప్ వేస్తే అడుగుకో రంధ్రమున్న 16 మి.మీ. లేటరల్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు) సరిపోతుంది. నెలకోసారి ఆ పైపు చివరి మూత విప్పి నీళ్లు వదిలితే లోపల పేరుకున్న బురద, ఉప్పు కొట్టుకుపోతాయి.