రెండేళ్లుగా కొంటున్న నర్సరీ: గత్తం బంగారం, కలిపిన మట్టి మాత్రం వద్దు

మాది విజయనగరం. డాబా మీద నలభై కుండీల దాకా ఉన్నాయి, అన్నీ పూలే. మట్టి, ఎరువు, నారు అన్నీ ఊరి బయట రోడ్డు పక్కనున్న ఒక నర్సరీలోనే కొంటున్నాను. వాళ్ల మీద ఒక ఫిర్యాదుంది. అది వాళ్లకే ఎదురుగా చెప్పేశాను కాబట్టి పేరు రాయడం లేదు.

ముందు గత్తం, అంటే పశువుల పేడ ఎరువు సంగతి. ఇంకో చోట ఆవు ఎరువని కొన్న సంచి విప్పితే పచ్చి పేడ వాసన, గడ్డలు, లోపల తెల్లటి వేరుపురుగులు. మాగని గత్తం కుండీలో వేస్తే అక్కడే కుళ్లుతూ వేడెక్కుతుంది. నా కనకాంబరం మొక్కలు మూడు అలాగే పోయాయి. ఇక్కడి గత్తం చేతిలోకి తీసుకుంటే టీపొడిలా జారుతుంది, తొలివాన పడ్డ నేల వాసనొస్తుంది. నర్సరీ చూసుకునే పెద్దాయన మొదటి రోజే చెప్పారు: "రెండు వానలు తిన్న గత్తమమ్మా ఇది. పచ్చిది ఎయ్యకండి, యేళ్లు మాడిపోతాయి." గోనె 250 రూపాయలు. నాకు రెండు గోనెలు ఏడాదంతా సరిపోతాయి.

ఇంట్లో వంటింటి చెత్తతో కంపోస్టు డబ్బా కూడా పెట్టుకున్నాను. శ్రావణంలో ముసురు పట్టి డబ్బా అంతా నీరు కారి కంపుకొట్టింది. ఆయన్ని అడిగితే ఎండాకులు ఎక్కువ వేసి, పైన గుప్పెడు గత్తం చల్లమన్నారు. పక్కింటి బాదం చెట్టు ఆకులు నలిపి వేసి, రెండు రోజులకోసారి తిరగేశాను. వారంలో వాసన పోయింది. కొనుక్కోడానికి వెళ్లినవాళ్లకి కొనక్కర్లేని ఉపాయం చెప్పే మనిషి ఆయన.

ఇక ఫిర్యాదు. నిరుడు జూన్‌లో కుండీలకని సిద్ధంగా కలిపి ఉంచిన మట్టి ఎనిమిది సంచులు తెచ్చాను. చూడ్డానికి నల్లగా, సారంగా ఉంది. నాలుగు వానలు పడేసరికి పేరుకుపోయింది. పోసిన నీళ్లు అరగంటైనా దిగలేదు, ఎండ కాస్తే ఇటుకలా బీటలిచ్చింది. అందులో చెరువు మట్టి పాలు బాగా ఎక్కువ. పొలానికి అది మంచిదే గానీ కుండీలో గాలాడనివ్వదు. ఆరు చామంతులు వేళ్లు కుళ్లి పోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. చెబితే నాలుగు మొక్కలు తిరిగి ఇచ్చారు, మట్టి డబ్బులు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు నేనే కలుపుకుంటున్నాను: ఎర్రమట్టి ఒక పాలు, గత్తం ఒక పాలు, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి ఒక పాలు. నీళ్లు పోసిన నిమిషంలో కింద చుక్కలు పడాలి.

తిరిగిచ్చిన ఆ నాలుగు చామంతులూ గుబురుగా పెరిగాయి గానీ దసరా వెళ్లినా మొగ్గ లేదు. పెద్దాయన "రాత్రిపూట లైటు పడతందేటమ్మా?" అని అడిగారు. నిజమే, వీధి దీపం సూటిగా వాటి మీదే పడుతోంది. చామంతికి పొడుగు రాత్రుల చీకటి కావాలట. కుండీలు నీళ్ల ట్యాంకు వెనక్కి జరిపాను. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి పసుపు చామంతులు మా డాబా మీదవే.

నారు విషయంలో బంతికి తిరుగులేదు. ఆగస్టు మొదట్లో తెచ్చి, నెల తిరక్కుండా తల తుంచితే పక్క కొమ్మలు బాగా వచ్చాయి. సిరిమాను పండగనాడు పైడితల్లి అమ్మవారికి మా బంతిపూల దండే పట్టుకెళ్లాను. గులాబీలు మాత్రం సంచుల్లో ఉన్నంత అందంగా ఇంటికొచ్చాక ఉండవు, నేను కొనడం మానేశాను.

మల్లెకి డిసెంబరు చివర్లో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, రెండు దోసిళ్ల గత్తం వేయించింది ఆయనే. ఉగాది నాటికి సాయంత్రం డాబా ఎక్కితే వాసనకి కిందికి దిగబుద్ధి కాలేదు.

గత్తానికి 5కి 5, నారుకి 4, కలిపిన మట్టికి 1. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కాక పెద్దాయన ఉండరు, కుర్రాళ్లు అడిగింది ఇస్తారు తప్ప ఏమీ చెప్పరు. గోనె మూతి విప్పించి, చేయి పెట్టి చూసే కొనండి. వాళ్లేమీ అనుకోరు.